ఎన్ని డిగ్రీలది, ఎన్ని గో?

బావ నుదుటికి కుట్లు వేయడానికి నర్సు సిద్ధం చేస్తోంది. డాక్టరు నా వైపు తిరిగి అడిగారు: "తాగిన సాకే ఎన్ని డిగ్రీలది? ఎన్ని గో తాగారు?" సాకే అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం, గో అంటే దాన్ని కొలిచే కొలత.

"ఇద్దరం కలిసి ఒక సీసా" అన్నాను.

ఆయన ఏమీ రాసుకోలేదు. అదే ప్రశ్న ఇంకోసారి, నెమ్మదిగా, పదం పదం విడదీసి అడిగారు. భాష రాక కాదు నేను నీళ్ళు నమిలింది. నా చేత్తో నేను పోసిన మందు ఎంత ఘాటైనదో నాకే తెలియదు.

నేనుండేది హిరోషిమా పక్కన హిగాషి హిరోషిమాలో, సైజో స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో. సాకేకి జపాన్‌లో పేరున్న ఊళ్ళలో ఇదొకటి. స్టేషన్ బయటికి రాగానే ఎర్ర ఇటుకల పొగగొట్టాలు, తెల్ల గోడల పాత కట్టడాలు కనిపిస్తాయి. సాకే తయారయ్యే ఆ చోట్లను ఇక్కడివాళ్ళు 'కురా' అంటారు. కురాల ముందున్న బావి నీళ్ళు ఊరివాళ్ళు డబ్బాల్లో పట్టుకెళ్తుంటారు. బియ్యం మరలు చేసే సతాకే కంపెనీ పుట్టింది ఇక్కడే. 1896లో జపాన్‌లో మొదటిసారి యంత్రశక్తితో నడిచే బియ్యం మర చేసింది వాళ్ళే. మద్యం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా ఈ ఊళ్ళోనే ఉంది. ఇంత ఉన్నచోట మూడేళ్ళు కాపురం ఉండి, సీసా వెనక చీటీ చదవడం నేర్చుకోలేదు.

జరిగింది చెప్తాను. 2023 డిసెంబరు. బావ, అంటే మా అక్క భర్త, ఆఫీసు పని మీద ఒసాకా వచ్చి శనివారం మా ఇంటికొచ్చాడు. ఊరి ప్రత్యేకత కదా అని నేను సాకే కొన్నాను. అరలో సీసా కింద ధర పక్కన ఒక అట్ట ముక్క పెట్టారు. దాన్ని ఫోనుతో అనువాదం చేస్తే "జపాన్ మద్యం డిగ్రీ: మైనస్ 4" అని వచ్చింది. మైనస్ అంటే తక్కువ ఘాటని అర్థం చేసుకున్నాను. బావకి తాగే అలవాటు పెద్దగా లేదు, ఎప్పుడైనా ఒక బీరు. అందుకే వెతికి మరీ అది తీసుకున్నాను. రుచి చూస్తే అనుమానమే రాలేదు. మాగిన పండు వాసన, నాలుక మీద తీపి. చికెన్ వేపుడు పెట్టుకుని స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. బావ పొద్దుటినుంచీ రైల్లో సరిగ్గా తినలేదు. గంటన్నరలో సీసా అయిపోయింది. కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నాడు. చలిగాలికి బయటికెళ్దామని మెట్లు దిగుతూ పడిపోయాడు.

అక్క ఫోనులో ఒకే మాట అంది: "అన్నంతో చేసింది, మన కల్లులాంటిదే అన్నావు కదరా." నిజమే, అన్నాను. తాటి కల్లు మహా అయితే నాలుగైదు శాతం. నేను పోసింది దానికి నాలుగింతలు.

తెల్లారి ఖాళీ సీసా కిటికీ దగ్గర పెట్టుకుని వెనక చీటీ అక్షరం అక్షరం చదివాను. 720 మిల్లీలీటర్లు. పాలిష్ నిష్పత్తి 60 శాతం. జపాన్ మద్యం డిగ్రీ మైనస్ 4. ఆ కిందనే ఇంకా చిన్న అక్షరాల్లో: ఆల్కహాలు, 19 డిగ్రీలు.

చిక్కంతా ఒక్క అక్షరంలో ఉంది. జపాన్ భాషలో 'దో' అనే అక్షరం డిగ్రీకి వాడతారు. ఇవాళ చలి 3 దో అన్నా అదే. ఆల్కహాలు 15 దో అన్నా అదే. నేను మోసపోయిన 'నిహోన్షు-దో', అంటే సాకే డిగ్రీ, అందులో చివరనున్నదీ అదే. మూడూ మూడు వేర్వేరు కొలతలు. మా ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగు కుర్రాడొకడు చల్లగా తాగే సాకే సీసా మీద 15 దో చూసి, ఫ్రిజ్జును 15 డిగ్రీలకి పెట్టాలనుకున్నాడు. ఇంకొకడు పాలిష్ నిష్పత్తి 60 శాతం చూసి అదే ఆల్కహాలు అనుకుని భయపడి సీసా తిరిగి పెట్టేశాడు. అది బియ్యాన్ని పైపైన ఎంత అరగదీశారో చెప్పే లెక్క. నూరు కిలోల్లో అరవై కిలోలు మిగిలాయని. ఘాటుతో దానికి సంబంధం లేదు.

బావ హైదరాబాదు వెళ్ళాక ఫోనులో అన్నాడు: "మన దగ్గర విస్కీ సీసా మీద 75 డిగ్రీలని ఉంటుంది కదా, ఇది పందొమ్మిదేనాయె. అంత పనెలా చేసింది?" మన సీసా మీద 75 డిగ్రీలన్నది బ్రిటిష్‌వాళ్ళ కాలపు ప్రూఫ్ లెక్క. దాని పక్కనే 42.8 శాతం అని కూడా రాస్తారు. రెండూ ఒకటే. జపాన్‌లో మాత్రం ఆల్కహాలు 19 దో అంటే నేరుగా నూటికి 19 పాళ్ళు. ఆ సంగతి బావకి చెప్పాను కానీ, అన్నం పులిస్తే 19 ఎలా వస్తుందో నాకూ అర్థం కాలేదు. మా ఇంట్లో తరవాణి కుండ ఎన్నేళ్ళు ఉందో! అన్నం, గంజి నీళ్ళు, పులుపు. మత్తు అన్న మాటే లేదు.

జనవరిలో ఒక చిన్న కురాలో సందర్శకులను రానిస్తున్నారని తెలిసి పేరు రాయించుకున్నాను. ముందురోజు నుంచీ నత్తో తినకండి అని చెప్పారు. పులిసిన సోయా గింజలవి. వాటిలోని సూక్ష్మజీవి లోపలికొస్తే బియ్యం మీద పెంచే బూజును పాడుచేస్తుందట. అక్కడి పెద్దాయన తోజీ, అంటే సాకే చేయడంలో అందరికంటే పై మనిషి. అరవై దాటిన వయసు, వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నేను వచ్చిన కారణం దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత "మీ బావగారికి గాయం మానిందా?" అని అడిగి, మిగతావాళ్ళు వెళ్ళాక నన్ను ఉండమన్నారు.

పులిసే తొట్టి పైనుంచి చూశాను. తొంగి చూడొద్దని నా మోచెయ్యి పట్టుకున్నారు. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టిలోనే నిలబడి ఉంటుంది, అందులోకి ఒరిగి ఊపిరాడక చనిపోయినవాళ్ళున్నారట. లోపల తెల్లటి జావ. బుడగలు లేస్తూ, చిట్లుతూ, వాన మొదలయ్యే ముందు చప్పుడులాంటిది వినిపించింది.

సాకే రహస్యమంతా ఈ జావలోనే ఉంది. ద్రాక్షలో చక్కెర ముందే ఉంటుంది, ఈస్ట్ దాన్ని తింటుంది. బీరులో మొలకెత్తిన బార్లీ పిండిని ముందు చక్కెరగా మార్చి, ఆ తరవాత ఈస్ట్ కలుపుతారు. సాకేలో ఈ రెండు పనులూ ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతాయి. ఆవిరి మీద ఉడికించిన బియ్యంలో కొంత భాగం మీద 'కోజీ' అనే బూజును పెంచుతారు. అది అన్నంలోని పిండిని కొంచెం కొంచెంగా చక్కెర చేస్తుంటే, పక్కనే ఉన్న ఈస్ట్ ఎప్పటికప్పుడు దాన్ని ఆల్కహాలు చేస్తుంది. చక్కెరంతా ఒకేసారి ముందు పడితే ఈస్ట్ తట్టుకోలేదు. అమ్మ పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డిస్తే ఆకలి లేదన్న పిల్లాడు కూడా ఎంత తింటాడో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అన్నాన్ని కూడా ఒక్కసారి పోయరు. నాలుగు రోజుల్లో మూడు విడతలుగా వేస్తారు. రెండో రోజు ఏమీ వేయకుండా ఈస్ట్‌ను పెరగనిస్తారు. ఆపైన చల్లటి గదిలో మూడు, నాలుగు వారాలు. అలా పోతే ఆల్కహాలు 18, 19, ఒక్కోసారి 20 దాకా చేరుతుంది. అక్కడికి చేరాక తాను చేసిన ఆల్కహాలే ఈస్ట్‌కు విషమవుతుంది. కాచి దించకుండా, ఉత్త పులియబెట్టడంతో ఇంత ఘాటు తెచ్చే పానీయాలు ప్రపంచంలో చాలా తక్కువ. జపాన్ చట్టం ప్రకారం సాకే అని అమ్మాలంటే 22 డిగ్రీల లోపే ఉండాలి.

"మరి దుకాణంలో ఎక్కువ సీసాల మీద 15 ఉంటుందేం?" అని అడిగాను.

తోజీ గారు గోడకున్న కొళాయి చూపించారు. నీళ్ళు! జావను పిండి, వడకట్టి, కొన్నాళ్ళు నిలవ ఉంచాక, సీసాకెత్తే ముందు తమ బావి నీళ్ళు కలిపి 15, 16కి దింపుతారు. పాలలో నీళ్ళు కలిపినట్టుగా దాన్ని తీసుకోవద్దన్నారు. ఎన్ని నీళ్ళు పడితే ఆ బియ్యం రుచి, వాసన విచ్చుకుంటాయో చూసి కలపడం ఆయన పనిలో ఆఖరి మెట్టు. వెయ్యి లీటర్లు 18.6 డిగ్రీలది ఉంటే, 15.5కి తేవాలంటే రెండు వందల లీటర్ల నీళ్ళు. నీళ్ళు కలపనిదాన్ని 'గెన్షు' అంటారు. ఒక డిగ్రీ కూడా తగ్గనంత కొద్ది నీళ్ళు కలిపినా ఆ పేరు పెట్టుకోవచ్చు. నేను కొన్న సీసా మీద పెద్ద అక్షరాలతో రాసింది అదే మాట. బ్రాండు పేరేమో అనుకుని వదిలేశాను.

యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క కొందరు వ్యాపారులు విపరీతంగా నీళ్ళు కలిపితే, దాన్ని జనం 'బంగారు చేప సాకే' అనేవారట, అందులో చేప బతికి ఈదగలదని. ఆ కథ చెప్పి తోజీ గారు మొదటిసారి నవ్వారు.

అక్కణ్ణించి పరీక్షల గదికి తీసుకెళ్ళారు. చిన్న గది. ఒక అమ్మాయి గాజు కొలపాత్రలో సాకే పోసి, అందులోకి సన్నటి గాజు తేలుడు గొట్టం దించింది. అది చూడగానే నాకు తెనాలి దగ్గర మా ఊరి పాలకేంద్రం గుర్తొచ్చింది. నాన్నతో పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. పాలలో లాక్టోమీటరు వేస్తే, నీళ్ళు కలిసిన పాలలో అది లోతుకి దిగేది. ఇదీ అదే జాతి సాధనం. సాకేలో చక్కెర ఎక్కువైతే ద్రవం బరువెక్కి గొట్టం పైకి తేలుతుంది, అంకె మైనస్‌లోకి పోతుంది. ఆల్కహాలు ఎక్కువైతే తేలికై గొట్టం మునుగుతుంది, అంకె ప్లస్‌లోకి వస్తుంది. 4 డిగ్రీల చలిలో ఉన్న నీటి బరువుకి సమానమైతే సున్నా. ఇదే నిహోన్షు-దో. జనం దీన్ని తీపికీ, తీపి లేకపోవడానికీ గుర్తుగా వాడుకుంటారు: మైనస్ అంటే తీపి వైపు, ప్లస్ అంటే తీపి తగ్గే వైపు.

"అయితే ఈ అంకెను బట్టి ఆల్కహాలు చెప్పలేమా?" అన్నాను. అడుగుతుండగానే జవాబు నాకే తట్టింది. మా ఊళ్ళో ఒకాయన మీగడ తీసేసి నీళ్ళు పోసి పాలు తెచ్చేవాడు. మీగడ తీస్తే పాలు బరువెక్కుతాయి, నీళ్ళు పోస్తే తేలికవుతాయి. రెండూ చెల్లుకు చెల్లు. లాక్టోమీటరు మంచి పాలని చెప్పేది. అందుకే కేంద్రంలో వెన్న శాతం వేరే తీసేవారు. ఇక్కడా అంతే. చక్కెర పైకి నెడుతుంటే ఆల్కహాలు కిందికి లాగుతుంది. నా సీసాలో 19 డిగ్రీల ఆల్కహాలున్నా, దాన్ని మించి తీపి ఉంది కాబట్టి అంకె మైనస్ 4 దగ్గర నిలబడింది. ఆ తీపే నాలుకను కూడా మోసం చేసింది. ఈ ముక్క ఆ అమ్మాయికి నా వచ్చీ రాని జపాన్ భాషలో చెప్పాను. పాల సంగతి ఆవిడకి బాగా నచ్చి, తోజీ గారికి మళ్ళీ చెప్పింది.

మరి ఆల్కహాలు ఎలా కొలుస్తారు? పాలకేంద్రంలో వెన్నను వేరుచేసినట్టే ఇక్కడ ఆల్కహాలును వేరుచేస్తారు. ఆవిడ సరిగ్గా 100 మిల్లీలీటర్ల సాకే కొలిచి గుండ్రటి గాజు బుడ్డిలో పోసి మంట పెట్టింది. ఆవిరి చల్లటి గొట్టంలోంచి వచ్చి, చుక్క చుక్కగా అవతలి పాత్రలో పడుతోంది. చక్కెర, రంగు, పులుపు బుడ్డిలోనే ఉండిపోతాయి. ఆల్కహాలూ కొంత నీరూ మాత్రమే అవతలికి వస్తాయి. 70 మిల్లీలీటర్లు వచ్చాక మంట తీసేసింది. దానికి మంచి నీళ్ళు చేర్చి మళ్ళీ సరిగ్గా 100 చేసింది. ఈ చిన్న పని వల్ల, మొదట ఎంత సాకేలో ఎంత ఆల్కహాలు ఉందో అంతే పాళ్ళలో తిరిగి వచ్చింది, చక్కెర లేకుండా. ఇప్పుడు 15 డిగ్రీల చల్లదనానికి తెచ్చి, ఆల్కహాలు కొలిచే వేరే తేలుడు గొట్టం వేసింది. అది కాసేపు ఊగి నిలబడింది. నన్ను వంగి, కన్ను ద్రవం మట్టానికి తెచ్చి చదవమంది. 18.6. అంతకుముందు రోజే పిండిన సాకే అది. ఆ అంకె నా కళ్ళతో చదివినప్పుడు, నెల రోజులుగా నా మనసులో ఉన్న బరువు కొంత దిగింది.

సీసాల మీద కొన్నిచోట్ల "15 డిగ్రీలకు తగ్గకుండా, 16కి లోపు" అని ఎందుకు రాస్తారో కూడా అప్పుడే తెలిసింది. తొట్టి తొట్టికీ చిన్న తేడాలుంటాయి కాబట్టి ఒక డిగ్రీ వెసులుబాటు.

వెళ్ళేముందు రెండు చిన్న కప్పులు ఇచ్చారు. కప్పు అడుగున నీలం రంగు వలయాలు. ద్రవం ఎంత తేటగా ఉందో వాటి మీద తెలుస్తుంది. ఒకదాంట్లో గెన్షు, ఇంకోదాంట్లో అదే సాకేకి నీళ్ళు కలిపి 15.5కి తెచ్చింది. ఒక్కో గుక్క. గెన్షు నోట్లో నిండుగా, తీపిగా ఉండి, గొంతు దాటాక వేడెక్కింది. రెండోది అంత తీపి లేదు, పల్చగా కాస్త పదునుగా తగిలింది. చీటీ చూడకుండా ఉంటే రెండోదే ఘాటైనదని ఒట్టేసి చెప్పేవాణ్ణి. పాలలా తెల్లగా ఉండే మడ్డి సాకే, 'నిగోరి', కూడా ఇలాగే మనిషిని ఏమారుస్తుంది. అది కూడా తరచూ 15 డిగ్రీలదే. మియో అనే బ్రాండులాంటి, సన్నగా బుడగలొచ్చే 5 డిగ్రీల సాకేలూ ఉన్నాయి. రంగు, తీపి, వాసన, ఏదీ గుర్తు కాదు. వేడి చేసి తాగితే ఆల్కహాలు పోతుందన్నదీ నిజం కాదు. 40, 50 డిగ్రీల వేడికి పోయేది చాలా స్వల్పం.

ఇక డాక్టరు అడిగిన రెండో ప్రశ్న: ఎన్ని గో? గో అంటే 180 మిల్లీలీటర్లు. నా సీసాలో నాలుగు గోలు. ఇంటికొచ్చి మా చిన్న సాకే కప్పును నీళ్ళతో కొలిచాను, 45 మిల్లీలీటర్లు. నాలుగు కప్పులు ఒక గో. ఆ రాత్రి వాడిన స్టీలు గ్లాసు కొలిస్తే ఒక గో కంటే ఎక్కువే పట్టింది. ఆ గ్లాసు ఇప్పుడు మంచినీళ్ళకే.

ఆ ఫిబ్రవరిలోనే జపాన్ ఆరోగ్య శాఖ మద్యం మీద కొత్త మార్గదర్శకాలిచ్చింది. ఎన్ని కప్పులు, ఎన్ని సీసాలు అని కాకుండా అసలు ఆల్కహాలు ఎన్ని గ్రాములు లోపలికి వెళ్ళిందో లెక్కపెట్టుకోమంది. మిల్లీలీటర్లను శాతంతో హెచ్చించి, మళ్ళీ 0.8తో హెచ్చించాలి. రోజుకి మగవాళ్ళలో 40 గ్రాములు, ఆడవాళ్ళలో 20 గ్రాములు దాటితే జబ్బుల ముప్పు పెరుగుతుందని రాశారు. అంతవరకూ తాగొచ్చని కాదు, ఎంత తక్కువైతే అంత మేలు. నేను గుర్తుపెట్టుకున్న సులువు లెక్క ఇది: ఒక గో సాకే అయితే డిగ్రీని 1.44తో హెచ్చిస్తే గ్రాములు వస్తాయి. 15 డిగ్రీలది ఒక గో 21.6 గ్రాములు. మన దగ్గర ఒక లార్జ్ పెగ్గు విస్కీ, 60 మిల్లీలీటర్లు, 20.5. రెండూ దాదాపు సమానం. 19 డిగ్రీలది రెండు గోలు, అంటే ఆ రాత్రి బావ వంతు, 55 గ్రాములు. ఎప్పుడో ఒక బీరు తాగే మనిషికి, దాదాపు ఖాళీ కడుపున, గంటన్నరలో రెండున్నర లార్జ్ పెగ్గుల పైన పోశాను. ఈ లెక్క కాగితం మీద రాసి, ఫొటో తీసి బావకీ అక్కకీ పంపాను. కింద 'దో' అక్షరం కూడా పెద్దగా గీసి, లాక్టోమీటరు సంగతీ రాశాను. అక్క నుంచి చాలాసేపు జవాబు రాలేదు. తరవాత "నాన్నతో వెళ్ళిన పాలకేంద్రం నీకు ఇలా పనికొచ్చిందన్నమాట" అని రాసింది.

2024 నవంబరులో బావ మళ్ళీ వచ్చాడు. కనుబొమ్మ పైన సన్నటి గీత మిగిలింది. ఈసారి ఇద్దరం నడిచే వెళ్ళాం దుకాణానికి. నాకు సైకిలు ఉంది కానీ ఆ నెల 1వ తేదీ నుంచే ఇక్కడ మందు తాగి సైకిలు తొక్కినా మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా. ఊపిరిలో లీటరుకి 0.15 మిల్లీగ్రాములు కనిపిస్తే చాలు. సాకే రేపు తాగుతామన్నా సైకిలు ముట్టుకోవద్దన్నాడు బావ.

ఇంట్లో ముందు అన్నం తిన్నాం. పక్కన పెద్ద చెంబుతో నీళ్ళు పెట్టాను. సాకే మధ్యలో తాగే నీళ్ళకి ఇక్కడ 'యవరగి-మిజు' అని ముద్దుపేరే ఉంది, మందును మెత్తబరిచే నీళ్ళని అర్థం. బావ మూత తీయకుండా సీసాను వెనక్కి తిప్పి, దీపం కింద పట్టుకుని, వేలితో వెతికాడు.

"ఇదేగా ఆ అక్షరం?"

"అదే."

అక్కకి వీడియో కాల్ చేసి చీటీని కెమెరాకి దగ్గరగా పెట్టాడు. "పదిహేను. చెరో అర గో. పదకొండు గ్రాములు కూడా రావు" అన్నాడు.

అక్క కళ్ళు చికిలించి చూసింది. "దాని పక్కన ప్లస్ 3 అనుంది, అదేంటి?" అంది.

నేను నోరు తెరిచేలోపు బావే మొదలుపెట్టాడు: "అది ఘాటు కాదు. చూడూ, పాలలో లాక్టోమీటరు వేస్తారు చూశావా..."